కౌంటింగుకి ముందు ఖాళీ అయిన గుంజ

పోలింగు అయిపోయి కౌంటింగు ఇంకా జరగని రోజుల్లో మా పల్నాడు పల్లెల్లోకి వెళ్ళడం నాకు ఎప్పుడూ ఇష్టం ఉండేది కాదు. పత్రికలో పనిచేసినన్నాళ్ళూ తప్పక వెళ్ళాను. రిటైరయ్యాక ఆ రోజుల్లో నరసరావుపేటలో తలుపు దగ్గరికి వేసుకుని ఇంట్లోనే ఉంటున్నాను. ఈసారి మాత్రం ఉండలేకపోయాను. మా తమ్ముడు కోటి కూతురు ప్రసన్న మా ఊరి బూతులో ఏజెంటుగా కూర్చుందని తెలిసింది. పొద్దున్నే మాచర్ల బస్సెక్కి, రెంటచింతల ఇంకా రాకముందే మా ఊరి రోడ్డు మీద దిగి, చెంగు తలమీద కప్పుకుని నడిచాను. ఎనిమిది గంటలకే ఎండ నాపరాళ్ళ గోడల మీద పడి మొహానికి కొడుతోంది. ఇంటి వెనక దొడ్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కుంటుంటే కనిపించింది, గేదెను కట్టే గుంజ. పలుపు చుట్టగా చుట్టి దానికే తగిలించి ఉంది. కుడితి తొట్టి ఎండిపోయి, అడుగున తవుడు అట్టకట్టి పగిలింది. గేదె ఏదిరా అని కోటిని అడిగాను. వాడు నావైపు చూడకుండా, "ఎదకొచ్చిందక్కా, తోలిచ్చా" అన్నాడు.

ఆ మాట నేను అదే దొడ్లో, ఆ గుంజ పక్కనే ఒకసారి విన్నాను. అప్పుడు నేను కొత్తగా ఓణీ వేసుకుంటున్నాను. అప్పుడు అది నిజం. ఊళ్ళో ఒక్కరూ నమ్మలేదు.

ఆ ఎన్నికల సంగతి చెప్పాలంటే ముందు మా ఇంట్లో పాల సంగతితో మొదలుపెట్టాలి. పాలు మాకు పొయ్యిమీద కాగేవి కావు, దాలిలో కాగేవి. దొడ్లో ఒక మూల నేలలో గుంట తీసి, అందులో పిడకలు పేర్చి నిప్పు వేసి, పాలకుండ పెట్టి వదిలేసేది నాయనమ్మ. పొద్దున పెడితే సాయంత్రం దాకా సన్నటి సెగ మీద కాగి కాగి పాలు లేత ఇటుక రంగుకి తిరిగేవి. మీగడ అరచేతి మందాన కట్టేది. ఆ పొగవాసన మా బట్టలకీ, జుట్టుకీ, పుస్తకాలకీ పట్టి ఉండేది. బడిలో పక్కన కూర్చున్న పిల్ల ఎప్పుడూ మీ ఇల్లు నా ముక్కుకు తగులుతుందే అనేది. ఎండాకాలం మజ్జిగ పులిసి తోడు పాడైతే, నేను గిన్నె పట్టుకుని పైవీధికి వెళ్ళి చెన్నమ్మ పెద్దమ్మ దగ్గర తోడు తెచ్చేదాన్ని. ఆమె మాకు రక్తసంబంధీకురాలు కాదు. ఊళ్ళో పెద్దాయన వెంకయ్యగారి భార్య. ఆయన్ని నేను పెదనాన్న అనేదాన్ని. పెద్దమ్మ తోడుతోపాటు అరచేతిలో ఇంత వెన్న పెట్టి, ఇక్కడే నాకేసి పో, దారిలో కాకెత్తుకుపోతుంది అని నవ్వేది. మా గేదె ఎదకొచ్చినప్పుడు నాయనమ్మ దాన్ని తోలుకెళ్ళేది కూడా వాళ్ళ దొడ్డికే. ఊరి మొత్తానికి మంచి దున్నపోతు వాళ్ళకే ఉండేది. మా దొడ్లో పుట్టిన ప్రతి దూడా ఒక రకంగా ఆ ఇంటి దూడే.

ఓట్ల రోజు కూడా ఊరు వాళ్ళదే. బూతు బడిలో పెట్టేవాళ్ళు. ఏజెంట్లు కూర్చోవడానికి బెంచీ వేసేవాళ్ళు గానీ, దాని మీద కూర్చునేది పైవీధి మనిషి ఒక్కడే. రెండో పార్టీ తరఫున ఎవరూ కూర్చోరు. కూర్చోకూడదని ఎవరూ చెప్పలేదు, ఎవరూ కూర్చోలేదు అంతే. ఏజెంటు పనేమిటంటే, వచ్చిన మనిషి చెప్పిన పేరు తనదేనా కాదా చూసి, కాకపోతే కాదని చెప్పడం. కాదనేవాడు బెంచీ మీద లేడు గనక మా ఊళ్ళో చచ్చిపోయిన వాళ్ళు కూడా వరసగా ఓట్లు వేస్తూ ఉండేవాళ్ళు. ఇది ఊరందరికీ తెలుసు. నవ్వుకునేవాళ్ళు కూడా.

ఆ ఏడు మా నాన్న కూర్చున్నాడు. పేరు సాంబయ్య. పత్తీ మిరపా వేసే మనిషి, నలుగురిలో గొంతు పెగలని మనిషి. ఆయన ఎందుకు ఒప్పుకున్నాడో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. కాలువ నీళ్ళు మా కిందవీధి చేలకి వంతు ప్రకారం రావడం లేదనే కోపం ఒకటి ఉండేది. ఆ రెండో పార్టీ అభ్యర్థి ఒకసారి ఊళ్ళోకి వచ్చి, మీలో ఒక్కరన్నా కూర్చోకపోతే మీ మాట అసెంబ్లీ దాకా ఎట్లా పోద్దయ్యా అన్నాడట. నాన్న ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, నేను కూర్చుంటన్నా అని చెప్పాడు. అమ్మ వడ్డిస్తున్న గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. కూర్చుంటే కూర్చో, ఆళ్ళ మంచినీళ్ళు మాత్రం తాగమాకు అంది నాయనమ్మ.

పోలింగు రోజు నేను బడి కిటికీ అవతల ఆడవాళ్ళ వరసలో అమ్మ పక్కన నిలబడి ఉన్నాను. నాన్న కొత్త చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. వెంకయ్య పెదనాన్న లోపలికి వచ్చి, ఎదురుగా నిలబడి, నాన్న వైపు చాలా ప్రేమగా చూశాడు. "సాంబయ్యా, ఎండ మీద పడతంది. ఇటు నీడకి జరుగు నాయనా" అన్నాడు. అంతే అన్నాడు. నాన్న జరగలేదు. అమ్మ నా చెయ్యి పట్టుకున్న పట్టు బిగిసింది. అరిచి ఉంటే, తిట్టి ఉంటే అంత భయం వేసేది కాదు. ఆ నాయనా అన్న మాటకి నేను అమ్మ వెనక్కి నక్కాను.

మధ్యాహ్నం దాటాక పైవీధి కుర్రాడొకడు వచ్చి ఒక పేరు చెప్పాడు. అది మా తాతయ్య పేరు. తాతయ్య పోయి చానాళ్ళయింది. పేరు చదివిన గుమాస్తా సిరా సీసా మూత తీశాడు. నాన్న లేచి నిలబడ్డాడు. ఆయన గొంతు నాకు కిటికీ దాకా సరిగ్గా వినపడలేదు. పక్కనున్నవాళ్ళు ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు చెప్పుకున్నారు గనక నాకు తెలుసు. "అది మా నాయన పేరండీ. ఆయనకి కొరివి పెట్టింది నేనే" అన్నాడు. ఆఫీసరు ఆ కుర్రాణ్ణి పంపించేశాడు. రోజంతా నాన్న అడ్డం చెప్పింది ఆ ఒక్క ఓటుకే. మిగతా వాటికి చెప్పాలన్నా లేవలేకపోయానని అమ్మతో చెప్పాడట. ఇంటికొచ్చి బావి దగ్గర కూర్చుని చేదమీద చేద నీళ్ళు తలమీద పోసుకున్నాడు. నాయనమ్మకి జరిగింది చెబితే ఆమె తన ఎండిన పెదాలు తుడుచుకుని, "బతికున్నన్నాళ్ళూ ఆ మనిషిని ఓటు ఏయనీలా. చచ్చినాక మటుకు ఒక్కటీ మానలా మీ నాయన" అంది. ఆ రోజు మా ఇంట్లో నవ్వు వినపడింది అదొక్కసారే.

మా వైపు ఓడిన పార్టీ వాళ్ళు ఊళ్ళో ఉండరు. ఇది చట్టం కాదు, పంచాయితీ తీర్పు కాదు. ఫలితం రాగానే ఓడినవాళ్ళ గడ్డివాములు అంటుకుంటాయి. ఆ తర్వాత ఇళ్ళ మీద రాళ్ళు పడతాయి. అందుకని ముందే చుట్టాల ఊళ్ళకి వెళ్ళిపోయి, నెలో, ఏడాదో, ఒక్కోసారి మళ్ళీ ఎన్నికలదాకానో అక్కడే తలదాచుకుంటారు. చేలు బీడు పడతాయి. పిల్లల చదువు మధ్యలో ఆగుతుంది. వెళ్ళేవాళ్ళు అందరికంటే ముందు గొడ్లను పంపిస్తారు. మనిషి రాత్రికి రాత్రి పరుగెత్తగలడు, చూడిగేదె పరుగెత్తలేదు. అందుకే కౌంటింగు దగ్గర పడుతుంటే ఊళ్ళో అందరి చూపూ పక్కవాళ్ళ గుంజల మీదే. ఎవరి గేదె కదిలిందో వాళ్ళకి గెలుపు మీద నమ్మకం లేదన్నమాట. దానికి ఇంకో అర్థం కూడా ఉంది. కొట్లాటకి దిగబోయే వాళ్ళు కూడా ముందుగా గొడ్లనీ ముసలివాళ్ళనీ ఊరు దాటిస్తారు. గుంజ ఖాళీ అయితే పారిపోతున్నట్టు, లేదా మీద పడబోతున్నట్టు. మూడో అర్థం మా ఊరికి తెలియదు.

సరిగ్గా కౌంటింగుకి ముందు రోజు పొద్దున మా గేదె ఎదకొచ్చింది. కట్టుతాడు తెంపుకుంటూ అదేపనిగా అరుస్తోంది. ఈ ఈత తప్పితే ఏడాదంతా ఇంట్లో పాలుండవు. దున్నపోతేమో వెంకయ్య పెదనాన్న దొడ్లో ఉంది. నాన్న ఆ బెంచీ మీద కూర్చున్న తర్వాత ఆ దొడ్డి గుమ్మం మేమెట్లా ఎక్కుతాం? రేపటిదాకా ఆగమని అమ్మ బతిమాలింది. రేపటిదాకా ఎద ఆగుద్దా ఏంది, అని నాయనమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, కర్ర పుచ్చుకుని, గేదెను విప్పింది. రెంటచింతల దగ్గర మా మేనత్త ఊళ్ళో దున్న ఉంది. అక్కడికి తోలుకెళ్ళి, రెండు పూటలు కూతురి దగ్గరుండి వస్తానంది. దారి పైవీధి గుండానే పోవాలి. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అడిగారట, ఎక్కడికమ్మా గేదెను తోలుకుపోతన్నావని. ఎదకొచ్చిందిరా అని ఆమె అందరికీ ఒకటే చెప్పింది. ఊళ్ళోనే దున్నపోతుండగా పక్కూరికి ఎందుకు తోలుతున్నావని ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం వాళ్ళకి కనపడలేదు. ముసలామే పోతోంది, గేదే పోతోంది. సాంబయ్య ఇల్లు ఖాళీ చేస్తున్నాడు, అంటే రేపు కిందవీధి కర్రలెత్తుతుంది.

అమ్మ నీళ్ళకి వెళ్ళి ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. పైవీధిలో బండి కట్టారని చెప్పింది. వెంకయ్య పెదనాన్న గొడ్లు ముందు కదిలాయి. వెనక బండిలో చెన్నమ్మ పెద్దమ్మా కోడళ్ళూ, మొహాలకి కొంగులు అడ్డం పెట్టుకుని. అది చూసి కిందవీధి వణికిపోయింది. పెద్దాయన ఆడవాళ్ళనే పంపించేస్తున్నాడంటే రేపు మనల్ని బతకనివ్వడు అనుకున్నారు. కిందవీధి గొడ్లు కూడా కదిలాయి. పొద్దు గూకేలోపు మా ఊళ్ళో గేదె అరుపు లేదు. ఒకరికి భయపడి ఒకరు, వాళ్ళకి భయపడి వీళ్ళు. మొదలు ఎక్కడో తెలిసింది మా ఇంట్లో ముగ్గురికే. వెళ్ళి చెప్పనా అని నాన్న లేచాడు. "నువ్వు ఆ వీధిలో అడుగు పెడితే మొదలెట్టటానికి వచ్చావంటారు" అని అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. తమ్ముడు అప్పటికి పాలు మానని పసివాడు. దాలి చల్లారిపోయి ఉంది. వాడికి ఆ పూట గంజి తాగించాం.

మర్నాటి పగలు నా జీవితంలో అన్నిటికంటే పొడుగైన పగలు. ఎండ తెల్లగా కాస్తోంది. వీధిలో కుక్క కూడా లేదు. అటు కొసన వాళ్ళ మగవాళ్ళు, ఇటు కొసన మా మగవాళ్ళు, కర్రలూ గొడ్డళ్ళూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎవరూ ఎవరి మీదికీ రాలేదు. అవతలివాళ్ళు వస్తారని ఎదురుచూస్తున్నారు. గొడ్లు లేని ఊరికి ఎట్లాంటి నిశ్శబ్దం ఉంటుందో అప్పుడు తెలిసింది. నెమరు వేసే చప్పుడు, మెడగంట, దూడ తల్లిని పిలవడం, ఇవన్నీ మనకి తెలియకుండానే మనం బతికున్నామని చెబుతుంటాయి కాబోలు. అమ్మ ఇత్తడి గిన్నెలు గోనెసంచిలో సర్దింది, మళ్ళీ తీసి పెట్టింది, మళ్ళీ సర్దింది. ఓడిపోతే ఎటు వెళ్ళాలి, ఏ దారిన వెళ్ళాలి, నేను తమ్ముణ్ణి ఎత్తుకుని చెప్పుల్లేకుండా నడవాలా, చెప్పులు వేసుకోవాలా అని కూడా చెప్పింది. చెప్పులు వద్దంది. చప్పుడవుతుందట.

సాయంత్రం బస్సు డ్రైవరు ఊరి మొగలో హారను కొట్టి ఫలితం చెప్పి పోయాడు. మా పార్టీ గెలిచింది. మేము ఊళ్ళో ఉండొచ్చు. అమ్మ గోనెసంచి మీదే కూర్చుని ఏడ్చింది. కాసేపటికి పైవీధి మగవాళ్ళు పొలాలకి అడ్డంపడి వెళ్ళిపోయారు. ఆ వెంటనే వెంకయ్య పెదనాన్న గడ్డివామి అంటుకుంది. అంటించింది కిందవీధి కుర్రాళ్ళు, నాకు అన్నలయ్యేవాళ్ళు. నాన్న అరుస్తూ పరుగెత్తాడు, వద్దురా అని. వాళ్ళు ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. మంట వెలుగులో, వాళ్ళ భుజాల మీద, కిందికి దిగడానికి పెనుగులాడుతున్న మా నాన్న మొహం నాకు ఇప్పటికీ కనపడుతుంది. ఇంటికొచ్చాక అమ్మతో ఒకటే మాట అన్నాడు. "ఈసారి కాలింది మనది కాదు" అని. "వచ్చేసారికి మనదే" అంది అమ్మ.

అట్లాగే అయింది. తర్వాతి ఎన్నికల్లో వాళ్ళు గెలిచి తిరిగొచ్చారు. మేము మేనత్త ఊరికి వెళ్ళిపోయాం. మావాళ్ళు మళ్ళీ ఊరు చేరేసరికి నేను పై చదువులకి గుంటూరు పోయి, అక్కడి నుంచే పత్రికలో చేరాను. మధ్యలో ఆ అయిదేళ్ళు గెలిచినవాళ్ళుగా ఊళ్ళో ఉన్నామన్న మాటే గానీ, నాన్న ఏ రోజూ వీధి తలుపుకి వీపు పెట్టి అన్నం తినలేదు. మేము గెలిపించిన ఎమ్మెల్యే ఒకసారి దండలతో జీపులో వచ్చాడు. కాలువ సంగతి నాన్న నోరు తెరిచేలోపే జీపు కదిలింది. చాలా ఏళ్ళకి విలేకరిగా ఒక సమావేశంలో ఆయన్ని కలిసి మా ఊరి పేరు చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, ఆ ఊళ్ళో మనకి ఇబ్బంది లేదమ్మా అన్నాడు. ఆయన జ్ఞాపకంలో మా ఊరు అంతే, ఇబ్బంది లేని ఊరు. మా డెస్కులో కూడా ప్రతి ఎన్నికకీ ఒక వాక్యం సిద్ధంగా ఉండేది. చెదురుమదురు ఘటనలు మినహా ప్రశాంతం అని. కాలిన వామి చెదురు అయితే, పొలాల్లో పడి పారిపోయిన మనుషులు మదురు కాబోలు.

వెంకయ్య పెదనాన్న పోయాక ఒకసారి చెన్నమ్మ పెద్దమ్మని నరసరావుపేటలో ఆస్పత్రిలో చేర్చారని తెలిసి వెళ్ళాను. నా చెయ్యి పట్టుకుని, బాగోగులన్నీ అయ్యాక, ఎన్నాళ్ళనుంచో దాచుకున్నట్టుగా అడిగింది. "నిజం చెప్పమ్మాయ్, ఆ రోజు మీ గేదె ఎదకొచ్చిందా?"

వచ్చిందన్నాను.

"మరి మా దొడ్డికే తోలొచ్చుగా?"

"ఏం మొహం పెట్టుకుని తోలతారు పెద్దమ్మా?"

ఆమె కళ్ళు మూసుకుంది. అట్లాగే, "తోలితే మేం కాదందుమా ఏంది" అంది.

ఇదంతా కోటికి తెలుసు. వాడు పసివాడుగా గంజి తాగిన కథ నాయనమ్మ వాడికి వందసార్లు చెప్పింది. ఆ గుంజ దగ్గర నిలబడి, ఎదకొచ్చిందని నాతో అంటున్నప్పుడు వాడి చెవుల కొసలు ఎర్రగా ఉన్నాయి. ఇప్పుడు ఎదకొచ్చిన గేదెను ఎవరూ ఎక్కడికీ తోలరు. ఫోను చేస్తే పశువుల ఆస్పత్రి మనిషి మోటారు సైకిలు మీద ఇంటికే వచ్చి చూడికట్టే సూది వేసి పోతాడు. ప్రసన్న టీ తెచ్చింది. పాకెట్ పాల టీ. పాకెట్లు వచ్చాక గేదెలు ఊరు దాటినా ఏ ఇంట్లోనూ దాలి చల్లారినట్టు తెలియడం లేదు. ఈ పిల్ల బీయస్సీ చదివింది. బూతులో కెమెరా ఉంది, గుమ్మంలో తుపాకీ పట్టుకున్న పోలీసు ఉన్నాడు, మిషనుకి సీలు వేసేదాకా కూర్చుని సంతకం పెట్టి వచ్చానని గర్వంగా చెప్పింది. పైవీధి ఏజెంటు ఆమెతో చదువుకున్నవాడేనట. భయం వేయలేదా అని అడిగాను. ఎందుకత్తా, వాడు నాకు మంచినీళ్ళ సీసా కూడా ఇచ్చాడు అంది. తాగావా అన్నాను. ప్రసన్న టీ గ్లాసు అంచు వేలితో తుడిచింది. తాగలేదత్తా, ఎందుకో తాగబుద్ధి కాలా అంది. తలుపు వెనక ఆమె బట్టల సంచి జిప్పు వేసి సిద్ధంగా ఉంది. నాతో పేటకి రమ్మన్నాను. రేపు నాయన్ని తీసుకుని తనే వస్తానంది. వస్తావుగా అని రెండోసారి అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

తిరుగు బస్సు కోసం ఊరి మొగలో నిలబడ్డాను. రేకుల షెడ్డు కింద ఒక అమ్మాయి, చంకలో పిల్ల, కాళ్ళ దగ్గర రెండు పెద్ద సంచులు. చెన్నమ్మ పెద్దమ్మ మనవడి భార్య. నన్ను గుర్తుపట్టి పలకరించింది. పుట్టింటికి పోతున్నానంది, పిల్లకి ఎండ పడటం లేదట. తర్వాత కాసేపు రోడ్డు వైపు చూసి, ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది. "కోటి మామయ్యోళ్ళ గేదె కనపడలా, అమ్మేశారా పిన్నీ?"

చంకలో పిల్ల నా కళ్ళజోడు అందుకోబోతోంది. ఆ అమ్మాయి చేతిలో ఫోను ఉంది. నేను చెప్పే మాట బస్సు వచ్చేలోపు పైవీధికి చేరుతుంది. పంపేశారంటే, మీద పడబోతున్నారని ఒకటి. అమ్మేశారంటే, ఊరు వదిలి పోతున్నారని ఒకటి. నలభై ఏళ్ళు వార్తలు రాసిన దాన్ని, ఆ చిన్న ప్రశ్నకి నిజమైన జవాబు ఇవ్వడానికి నాకు నోరు రాలేదు.

"లేదమ్మా, ఎదకొచ్చింది" అన్నాను.

ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది. పిల్లని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది.

"మాదీ అంతే పిన్నీ" అంది.

బస్సు వచ్చింది. సంచి ఒకటి నేను అందుకున్నాను. ఇద్దరం ఒకే సీట్లో కూర్చున్నాం. దారి పొడుగునా గేదెల సంగతి మళ్ళీ ఎత్తలేదు.